తుడుచుకోడానికి అద్దాల్లేవు

1వ తేదీ, సోమవారం
ఉ. 7.10. ఇవాళ్టి నుంచి కళ్ళజోడు బంద్, కాంటాక్టు లెన్సులే! మొన్న కొలతలు తీస్తూ వంగితే, జోడు జారి గిరాకీ జేబులో పడింది. ఆయన ఇంటికి పట్టుకుపోయాడు కూడా, నిన్న తెచ్చిచ్చాడు. దర్జీ అన్నవాడికి ఇంతకంటే తలవంపులేముంటాయి?
7.15 – 7.55. ఎడమ కన్ను. వేలు దగ్గరికి రాగానే షట్టరు దించేస్తోంది.
8.20. లెన్సులు రెండూ ఎక్కాయి!
8.25. సూదిలో దారం మొదటిసారికే దూరింది! గోడ మీద బల్లి నన్నెలా చూస్తోందో కూడా కనబడుతోంది!
తీర్మానం: నెల రోజులు. జోడు బీరువాలో. తాళంచెవి మా ఆవిడ దగ్గర. (కొట్లో నా పక్కనే కూర్చుని కాజాలు కుట్టేది ఆవిడే.)

2వ తేదీ
లేని జోడుని ఆరుసార్లు పైకి తోశాను.
ఒక గిరాకీ: "ఈ రంగు నాకు నప్పుతుందా?"
"నప్పదు."
గుడ్డ చుట్టేసుకుని వెళ్ళిపోయాడు. లెన్సులు కొత్త కదా, సర్దుకుంటుంది.

4వ తేదీ
11.00. బ్యాండు మాస్టారొచ్చారు. ఏటా వాళ్ళ ఇరవై మందికీ కోట్లు మేమే కుడతాం. ఆ పనే లేకపోతే కొట్టు మూసుకోవడమే.
ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. "ఏమయ్యా, తగ్గానా?"
"టేపు చాలట్లేదు సార్."
11.04. వెళ్ళిపోయారు. వేరే దర్జీని చూసుకుంటారట.
సాయంత్రం మా ఆవిడ రోగం కనిపెట్టింది. "ఇన్నేళ్ళూ ఎవరేమడిగినా జోడు తీసి, ఊది, తుడిచి, పెట్టుకుని అప్పుడు చెప్పేవారు. ఆ అరనిమిషంలో అబద్ధం ఉడికేది. ఇప్పుడు పచ్చి నిజమే వడ్డించేస్తున్నారు!"

5వ తేదీ
ఉపాయం! లోపల లెన్సులు. పైన అద్దాల్లేని పాత ఫ్రేము. ఉత్తుత్తినే తుడవడానికి.

6వ తేదీ
ఎడమ కన్ను ఎర్రబడింది. కుడి కంటికే పెట్టాను. తీర్మానంలో రెండు కళ్ళని ఎక్కడా రాయలేదు.

7వ తేదీ
10.30. బ్యాండు మాస్టారింటికి వెళ్ళాను, క్షమాపణకి.
"ఇప్పుడు చెప్పు. నిజంగానే లావయ్యానా?"
ఫ్రేము తీశాను. ఊదాను. తుడిచాను. కర్చీఫు చుట్టిన వేలు ఇటు దూరి అటు తేలింది.
ఆయన వేలు వంక చూశారు. నేనూ చూశాను. ఏం చెయ్యాలో తోచక వేలు ఆడించాను.
పగలబడి నవ్వారు! బిగబట్టిన పొట్టంతా బయటికొచ్చింది. ఇదే సందని టేపు చుట్టేశాను. టేపు అయిపోయాక ఇంకో బెత్తెడు.
"రాసుకో ఫో! ఇరవై కోట్లూ నువ్వే కుట్టు," అన్నారు కళ్ళు తుడుచుకుంటూ.
ఆ ఆనందంలో నేనూ తుడుచుకున్నాను. ఉన్న ఒక్క లెన్సూ కర్చీఫుతో పోయింది.
11.40. గోడలు తడుముకుంటూ ఇల్లు చేరాను.

8వ తేదీ
బీరువా తీయించాను. ఈ ఒక్క పూటకే.

9వ తేదీ
ఈ పూట కూడా ఒక్క పూటే కదా.

12వ తేదీ
జోడు జారి ఏదో కోటు లైనింగులో పడింది. చూసుకోకుండా కుట్టేశాను. ఏ కోటో తెలీదు. కుట్టినవి తొమ్మిది!

13వ తేదీ
మళ్ళీ మొదటి రోజు! కొత్త లెన్సులు, కొత్త తీర్మానం. మా ఆవిడ షరతు: "ఎవరేమడిగినా ముందు నీళ్ళు తాగండి."
11.00. మూడు సీసాలయ్యాయి. ఒక్క గిరాకీకీ కోపం రాలేదు. నేనే కొట్లో నిలవలేకపోతున్నాను.
12.10. మా ఆవిడ కాజా కుడుతూ, "లెన్సుల్లోంచి నేనెలా కనిపిస్తున్నానండీ?" అంది.
సీసా అందుకున్నాను. ఖాళీ.
"అలిసిపోయినట్టున్నావు."
సూది ఆగింది. "ఇన్నాళ్ళకి కనబడిందా?" అని, కుర్చీలో వెనక్కి వాలిపోయింది.
మిగిలిన కాజాలు నేనే కుట్టాను. ఎలా ఉన్నాయని అడగలేదు. అయినా చెప్పేసింది.
తుడుచుకోడానికి ఆవిడకి ఏనాడూ జోడు లేదు మరి.