‘రండి’ అనే లోపు

డిసెంబర్ 1, 2024, ఆదివారం. ఉదయం 9.30

పటమట గ్రౌండ్‌లో ఇది నా ఐదో ఆదివారం. ఇంతవరకు డిస్క్, అదే ఆ ప్లాస్టిక్ పళ్ళెం, నా చేతికి రెండుసార్లు వచ్చింది. ఒకసారి గాలికి, ఒకసారి పొరపాటున. ముప్పై ఎనిమిదేళ్ళొచ్చాక ఈ ఫ్రిస్బీ పిచ్చేమిటని స్టాఫ్‌రూమ్‌లో రమాసుందరిగారు అడిగారు. మోకాళ్ళకు మంచిదన్నాను. అబద్ధం. ఆదివారాలు ఫ్లాట్‌లో ఒక్కదాన్నే ఉండలేక వెళ్తున్నాను.

మా కెప్టెన్ సాయిశ్రీకి ఇరవై రెండేళ్ళు. ఈ రోజు కటింగ్ నేర్పింది. ఐదుగురం గ్రౌండ్ మధ్యలో వరసగా నిలబడాలి. చివర ఉన్న మనిషి నిజంగానే వెళ్ళిపోతున్నట్టు గోల్ వైపు నాలుగడుగులు పరుగెత్తి, కాలు ఊని, డిస్క్ ఉన్నవాళ్ళ వైపు గిరుక్కున తిరిగి రావాలి. అడ్డుకునేవాడు మోసపోవాలి. గుమ్మంలో ‘వెళ్ళొస్తా’ అంటామే, అదే ఇది. ‘వెళ్తున్నా’ అంటే అమ్మ ఊరుకునేది కాదు.

నాకు అడ్డు నిలిచేది చక్రి. రెండు గజాల దూరంలో ఉంటాడు. తగిలితే మేడమ్ పడిపోతారని భయమట. గ్రౌండ్ మొత్తం మీద నా అంత ఖాళీగా ఎవరూ ఉండరు. అయినా నాకెవరూ వెయ్యరు.

డిసెంబర్ 4, బుధవారం

కారణం దొరికింది. ఫిజిక్స్ చెప్పేదాన్ని, ఎప్పుడో తట్టాల్సింది. మా జట్టు అమ్మాయిని ‘అక్షయా, రా’ అనడానికి అర సెకను చాలు. ‘మేడమ్, మీరు కొంచెం ఇటు రండి’ అనడానికి రెండు సెకన్లు. నేను కదిలేసరికి దారి మూసుకుపోతుంది. చక్రి కాదు, వీళ్ళ మర్యాద నాకు అడ్డు.

డిసెంబర్ 8, ఆదివారం

టీ తాగేటప్పుడు అడిగేశాను. మేడమ్ వద్దు, పేరు పెట్టి పిలవండి, నువ్వు అనండి అని. అందరూ టీ గ్లాసుల్లోకి చూశారు. డిస్క్ వేసే జయంత్ ఇంటర్‌లో నా స్టూడెంట్. తప్పండీ, మా అమ్మ చంపేస్తుందన్నాడు. చివరికి రాజీ కుదిరింది. ఇకనుంచి అనఘగారు అంటారట.

ఇంకో పావు సెకను పెరిగింది.

డిసెంబర్ 11, బుధవారం

వాచ్‌మన్ శౌరయ్యకు అమ్మగారిని. కాలేజీలో మేడమ్‌ని. పామర్రు నుంచి ఫోన్ చేసే మరదలికి వదినగారిని. అమ్మ పోయి పదమూడు నెలలు. అప్పటినుంచి ఈ ఊళ్ళో నన్ను నువ్వు అన్నవాళ్ళు లేరు. ఒక్కరూ లేరు.

డిసెంబర్ 15, ఆదివారం

సాయిశ్రీ ఈ రోజు మెత్తగానే కోప్పడింది. పిలుపు కోసం నిలబడకూడదట. ముందు మనం కదలాలట, డిస్క్ తర్వాత వస్తుందట. నాకు ఒళ్ళు మండింది. పిలవని పేరంటానికి వెళ్ళడం నాకు చేతకాదు.

డిసెంబర్ 17, మంగళవారం

టెర్రస్ మీద చెప్పులు వరసగా పెట్టి ప్రాక్టీస్ చేశాను. నాలుగు జతలు. మూడు నావి, ఒకటి అమ్మది.

డిసెంబర్ 22, ఆదివారం. సాయంత్రం 6.00

ఉయ్యూరులో గుంటూరు వాళ్ళతో మ్యాచ్. బందరు రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్ల వెనక పాక్కుంటూ వెళ్ళాం. స్కోరు పన్నెండు పన్నెండు. ఇంకొక్క పాయింట్ ఎవరిదైతే వాళ్ళదే గెలుపు.

డిస్క్ జయంత్ చేతిలో ఉంది. ఎదుటివాడు పది లెక్కపెడుతున్నాడు. పది అయితే డిస్క్ వాళ్ళది. ఏడు. ఎనిమిది. అక్షయ దారి మూసుకుపోయింది. నేను ఎప్పటిలాగే ఖాళీ. జయంత్ గొంతు చించుకుని అరిచాడు.

“పో, అనఘా, పో!”

పోయాను. జీవితంలో ఎప్పుడూ అలా పరుగెత్తలేదు. డిస్క్ నా తల మీదుగా వచ్చింది. చేతులు చాపాను. కళ్ళనిండా నీళ్ళు, ఏమీ కనబడలేదు. వేళ్ళకు తగిలి కింద పడింది. కింద పడితే డిస్క్ వాళ్ళది. వాళ్ళు గోల్ చేశారు. ఓడిపోయాం.

జయంత్ పరుగున వచ్చాడు. తిడతాడనుకున్నాను. నోరు జారింది మేడమ్, క్షమించండి అన్నాడు. డిస్క్ జారవిడిచింది నేను, క్షమాపణ అతను చెప్పాడు. పర్వాలేదన్నాను. ఇంకోసారి అను అని అడగాల్సింది.

డిసెంబర్ 23, సోమవారం

జయంత్ మెసేజ్. మళ్ళీ సారీ మేడమ్. కింద రెండు దణ్ణాలు. అనఘగారు కూడా పోయి, మళ్ళీ మేడమ్‌నే అయ్యాను. జవాబివ్వలేదు.

ఈ ఆదివారం వెళ్ళను.

డిసెంబర్ 28, శనివారం

షూ ఉతికాను.

డిసెంబర్ 29, ఆదివారం

జయంత్ చేతిలో డిస్క్. ‘మేడమ్’ అయ్యేలోపు నాలుగడుగులు వెళ్ళిపోయాను. ‘ర’ దగ్గర తిరిగాను. పట్టుకున్నాను.

‘ండి’ వినబడలేదు.