పెన్నేరుగడ్డ పాలు

జనవరి 20, 2002

ఈ రోజు మొదలు. పెన్నేరుగడ్డ పొడి ఒక చెంచా, కాస్త పటికబెల్లం, గ్లాసుడు గేదెపాలు. ఒక మండలం వాడితే కాళ్లలోకి సత్తువ వస్తుందన్నారు ఆయుర్వేదం మందులిచ్చే ఆచారి గారు. అంటే నలభై రోజులు. టైఫాయిడ్ మా ఆయన్ని సగం మనిషిని చేసి వదిలింది. నడుముకు లుంగీ నిలవడం లేదు. పురుగుమందుల కొట్టువాళ్లు ఇచ్చిన ఈ డైరీలో రోజూ గుణం రాయాలి.

ఒట్టు సంగతి కూడా రాసి పెట్టుకోవాలి. శివరాత్రి తిరునాళ్లలో, బండలాగుడు పోటీలో, ఎడ్ల పక్కన చివరిదాకా ఆయనే పరిగెత్తగలిగితే జత ఇంట్లో ఉంటుంది. లేకపోతే అమ్మేయాలి. ఒట్టు వేయించుకున్నది నేనే. మనిషి దక్కితే చాలనుకున్నాను.

జనవరి 23

పెన్నేరుగడ్డను అశ్వగంధ అని ఊరికే అనలేదు — నిజంగా గుర్రపుబండి వాసనే. చెంచాకు అంటుకున్నది పారేయడం దేనికని నాకాను. చేదు... వెనకాల మట్టి తీపి.

జనవరి 29

తెల్లవారుజామున ఎడ్లను వాగుదాకా నడిపించడానికి బయల్దేరారు. ఎక్కడ పడిపోతారోనని వెనకే వెళ్లాను, ఇరవై అడుగులు ఎడంగా, కనపడకుండా. ఒకటే మంచు. ముందు రెండు మూపురాలు తేలుతూ పోతున్నాయి, కింద కాళ్లు లేవు. పక్కన చేలో ఏరగా మిగిలిన దూది — ఏది మంచో, ఏది పత్తో. నడుస్తున్నానా, ఇంకా పక్క మీదే ఉన్నానా...

ఆయన మూడుసార్లు ఆగారు.

ఫిబ్రవరి 3

గుణం: ఆకలి పరవాలేదు. నిద్ర అంతంతమాత్రం.

నిద్ర నాకు పడుతోంది. మధ్యాహ్నం మిరపకాయల కళ్లంలో పట్టా మీద ఒరిగితే చాలు. కలలో వాడరేవు సముద్రం. ఎర్రటి నీళ్లు, ఎండిన కాయల్లా గలగలమంటూ ఒడ్డుకు వస్తున్నాయి. మోకాళ్ల లోతులో నిలబడ్డాను. ఘాటు లేదు, మంట లేదు. లేవబుద్ధి కాలేదు.

ఫిబ్రవరి 9

కుడివైపు ఎద్దు చిన్నోడు నిగారింపు తేలాడు. జతలో ఎప్పుడూ వెనకబడేది వాడే. ఇప్పుడు ఒళ్లు అద్దంలా ఉంది. ఆయన మాత్రం ఎక్కడి గొంగళి అక్కడే.

ఫిబ్రవరి 10

తెలిసింది.

ఖాళీ గ్లాసు కోసం కొట్టంలోకి వెళ్లాను. ఆయన చేతిలో పశువులకు మందు పోసే వెదురు గొట్టం. చిన్నోడి మూతి నిండా పాల నురుగు. ఇన్నాళ్ల మందూ ఎద్దు తాగింది! నేనేమో ఆకలి, నిద్ర అని పేజీలు నింపుతూ కూర్చున్నాను.

"వాడు లాగితేనే గదే నేను పక్కన పరిగెత్తేది" అన్నారు, తప్పు నాదైనట్టు.

కోపం వచ్చింది. నవ్వూ వచ్చింది. కోపమే చూపించాను.

ఫిబ్రవరి 11

నేటి నుంచి ఇద్దరికీ. ఆయన గ్లాసు నా ఎదుటే ఖాళీ కావాలి. చిన్నోడికి చెంబుతో వేరే. ఆయన మండలం పూర్తి కాకుండానే శివరాత్రి వచ్చేస్తుంది. ఏం చేస్తాం.

ఫిబ్రవరి 19

మంచు. నడక. రెండుసార్లే ఆగారు.

ఫిబ్రవరి 24

వెనకాల నేను వస్తున్నట్టు మొదటి రోజునుంచే తెలుసట. గాజుల చప్పుడు వినపడుతుంటే ధైర్యంగా ఉండేదని చెప్పారు, మొహం ఎడ్ల వైపే పెట్టుకుని. పెళ్లయిన పన్నెండేళ్లలో ఇంత మాట అనలేదు. ఎంత సంతోషం వేసిందో. ఆ ఇరవై అడుగులూ ముందుకు జరిగి, పక్కనే నడిచాను.

మార్చి 3

వాగు ఇసుకలో బండ కట్టి తోలారు. సగం దూరం బాగానే పరిగెత్తారు. తర్వాత మోకాళ్లు మడతపడి కూలబడ్డారు. ఎడ్లు ఆగలేదు.

నేనెప్పుడు పరుగెత్తానో తెలియదు. కుచ్చిళ్లు ఎగదోపుకున్నట్టు గుర్తు. పగ్గం చేతిలో ఉంది. అదిలించిన గొంతు నాదే. చిన్నోడి చెవి నా వైపు తిరిగింది... ఇసుక మెత్తగా వెనక్కి పోతోంది, నేను పోతున్నట్టే లేదు. ఆ చివరిదాకా వెళ్లి, మళ్లించి, తీసుకొచ్చాను. ఆయన కూలబడ్డచోటే కూర్చుని చూస్తున్నారు.

ఆయాసం రాలేదన్న సంగతి ఇంటికి వచ్చాక తట్టింది. రోజూ చెంచా నాకింది నేను. రోజూ వెనకాల నడిచిందీ నేనే. మండలం నాకు నిండింది. మందు గుణమో, నడక గుణమో. ఆచారి గారిని అడగను.

మార్చి 4

ఆయన కాళ్లకు తైలం రాస్తున్నాను. శివరాత్రికి పరిగెత్తలేనని తేలిపోయింది, మాట మాటే అన్నారు. అద్దంకి వాళ్లకు కబురు చేస్తారట, జత కావాలని వాళ్లు ఎప్పటినుంచో అడుగుతున్నారు. ఆ ఒట్టు ఎందుకు వేయించుకున్నానా అని ఏడుపు వచ్చింది.

మార్చి 9

కబురు చేయలేదు. నేను గుర్తు చేయలేదు.

రేపు పోటీకి పేర్లు రాయించాలి. ఎడ్లవీ, తోలే మనిషిదీ. ఆడది తోలగా ఈ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు. తోలకూడదని రాసి ఉండగానూ ఎవరూ చూడలేదు. మా అత్తగారి చెవిన పడితే... అది తర్వాత సంగతి.

సాయంత్రం పాలు తాగి గ్లాసు చేతికిస్తూ అడిగారు.

"ఎవరి పేరు రాయించమంటావు?"

పరాచికం కాదు. కళ్లలోకి చూసి అడిగారు.

గ్లాసు అడుగున మిగిలిన పొడి వేలితో తీసి నాకాను. ఈ మధ్య చేదు తెలియడం లేదు.

రేపటికి పొడి రెండు కాదు, మూడు చెంచాలు తీసి పెట్టాను.