తలుపవతలి కుట్టుమిషను

అక్కా,

తప్పులుంటే, గీతలు వంకర పోతే ఏమనుకోకు. తలగడ మీద పెట్టుకుని రాస్తున్నాను. ఫోన్లో చెబుదామంటే అది అత్తగారి కొంగున ఉంటుంది.

ఇంట్లో ఈ అంటుజబ్బు నాకొక్కదానికే వచ్చిందని నన్ను విడిగా ఒక గదిలో పెట్టారు. మొదట్లో కళ్ళు మూస్తే ఊపిరి ఆగిపోతుందేమోనని భయపడి, గోడవైపు తిరిగి మెలకువగా పడుకునేదాన్ని. తలుపు సందులోంచి ఆ సంగతి చెబితే, ఆయన తన కుట్టుమిషను తెచ్చి నా గది తలుపు ముందు వేసుకున్నారు. నా దగ్గు వినబడకపోతే మిషను ఆపి, "ఏమోయ్, ఉన్నావా?" అనేవారు.

"ఉన్నానండీ."

"మరి దగ్గవేం? ఇక్కడ నా ప్రాణాలు పోతున్నాయి."

ఇంతకుముందు అందరి మధ్యా ఆయన నాతో "మంచినీళ్ళు" అనడం తప్ప మాట్లాడింది లేదు. ఇప్పుడు బల్లులంటే భయమని కూడా చెప్పారు. నాకు నిద్ర పడుతోంది.

జ్వరం ఎప్పుడో పోయింది. నేనే అడపాదడపా దగ్గుతున్నాను. అత్తగారు గిన్నెలు తోముతూ, "ఈ జబ్బుకి బుద్ధి లేదు, పనిచేసేవాళ్ళనే పట్టుకుంటుంది" అంటున్నారు. ఆవిడ నడుంనొప్పి తలుచుకుని, పొద్దున బయటికొచ్చేద్దామని తలుపు దాకా వెళ్ళాను. ఆయన గొంతు తగ్గించి, "నీది దొంగదగ్గని నాకు తెలుసులే. ఇంకో వారం లోపలే ఉండాలని మీ అక్కచేత చెప్పించు. మా అమ్మ ముందైతే నీతో నాకు మాటలు రావు" అన్నారు.

నువ్వు నర్సువి కాబట్టి అత్తగారు నీ మాట వింటారు. ఒక్క వారం చెప్పక్కా. మేం అడిగామనకు.

ఇది చదివి కాల్చెయ్. ఎవరైనా చూస్తే, జబ్బుమనిషి ఉత్తరం, అంటుకుంటుందని కాల్చానని చెప్పు.