కామెర్లకు రాసిన తాటాకు

తాతా,

నీ వైద్యమంటే నాకు సిగ్గని ఇంట్లో అందరూ తీర్మానించేశారు. కోవిల్‌పట్టి కాలేజీలో వృక్షశాస్త్రం చదివిన పాపానికి నేనేం మాట్లాడినా పొగరే.

నువ్వు పోయి ఏడాదైంది. నిన్న నీ తిథికి ఇంకా విస్తళ్ళు వేయకముందే పుదూరు నుంచి ఒకాయన భార్యను తీసుకొచ్చాడు. ఆమె కళ్ళు పచ్చగా ఉన్నాయి. వాచిన పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. నాయన పూజగదిలోంచి నీ తాటాకుల కట్ట తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. అందరం అరవ బడిలోనే చదివిన ఈ ఇంట్లో తెలుగు అక్షరాలు నువ్వు నేర్పింది నాకొక్కదానికే కదా.

"కామెర్ల ఆకు సదువు పాపా. నేల ఉసిరి నేను నూరతా."

"ఆస్పత్రికి పంపు నాయనా. కాళ్ళు వాచినోళ్ళకి తాత మందు ఇచ్చేటోడు కాదు."

"సుమ్మా ఉండు, మాట్లాడొద్దు. మా నాయన వైద్యం నాకు తెలీదా?"

ఆయనకు తెలియదు. నువ్వు వైద్యం చేసిన రోజుల్లో ఆయన సాత్తూరులో, అగ్గిపెట్టెల పనిలో ఉన్నాడు. వాచిన కాలిని బొటనవేలితో నొక్కి, పడిన గుంట పూడకపోతే నువ్వు వాళ్ళను ఆస్పత్రికి ఆటో ఎక్కించేవాడివి. ఆకు మీద మందు ఉంది కానీ, అది ఎవరికి ఇవ్వకూడదో లేదు.

ఆమె కాలు నేనే నొక్కాను. గుంట అలాగే ఉండిపోయింది.

"తాత పేరు సెరపనీకే పుట్టినావే" అంది మేనత్త. నేను ఆటో పిలిచి పుదూరు ఆమెను ఆస్పత్రికి ఎక్కించాను. ఆమె భర్త నా వైపు చూడనైనా చూడలేదు. ఆస్పత్రి నుంచి ఇంకా కబురు రాలేదు.

నాయన కట్టను మళ్ళీ పూజగదిలో పెట్టి, రేపు మందుకు ఇంకొకరు వస్తారన్నాడు. రానీ. ఇక మీదట నేను ఆయనకు ఒక్క ఆకు కూడా చదివి వినిపించను.