ఇంజన్ల ఇల్లు బంద్ అయిన సంగతి

మొయినాబాద్

అక్కయ్యకు, సరోజ నమస్కరించి రాస్తున్నాను.

నేను కులాసాగానే ఉన్నాను. ముందు ఆ మాట నమ్ము, తర్వాత మిగతా ఉత్తరం చదువు. నాన్నగారి ఆయాసం తగ్గిందా? బావగారూ పిల్లలూ ఎలా ఉన్నారు? చిన్నదానికి పళ్లు వచ్చాయని రాశావు గానీ, ముందు ఎవరిని కొరికిందో రాయలేదు. బస్సులు సరిగ్గా తిరగడం లేదు కాబట్టి ఈ ఉత్తరం ఎప్పుడు చేరుతుందో తెలియదు. ఇక్కడి గొడవల సంగతి పేపర్లో చదివి హడలిపోకండి. నాకు ఏ లోటూ లేదు.

ఎండలు ముదిరాయి. మన తెనాలిలోలా చెమట పట్టదు ఇక్కడ, పెదవులు పగిలిపోతాయి. నేనుండే ఇంటావిడ ఏస్తేరమ్మ ఒకప్పుడు దవాఖానాలో ఆయా. రోజూ జొన్నరొట్టెలు చేస్తుంది. మొన్న పుంటికూర వండానంటే అదేమి కూరోనని భయపడుతూ ముద్ద నోట్లో పెట్టుకున్నాను. తీరా చూస్తే మన గోంగూర! ఇక్కడ నాకు అన్నీ ఇలాగే అవుతున్నాయి అక్కయ్యా. తెలియదనుకున్నది తెలిసిందే అని తేలుతుంది. తెలుసనుకున్న మనిషేమో అర్థం కాకుండా పోతాడు.

ఆ మనిషి ఏస్తేరమ్మ కొడుకు మనోహర్. బీఎస్సీ పాసై ఉద్యోగం లేక ఉన్నాడు. నేను ఇక్కడి బడిలో సైన్సు టీచరుగా చేరిన కొత్తలో, బాల్‌రెడ్డి పటేలు గారు చేవెళ్ల రోడ్డు మీద ఉన్న తన పాత పత్తి గోదాము ఊరికి ఇచ్చారు. అందులో పాత యంత్రాలు పెట్టి పిల్లలకు చూపించాలని పెద్దలు అనుకున్నారు. ఆ పని నాకూ మనోహర్‌కూ పడింది. గండిపేట చెరువు కట్ట కట్టినప్పుడు ఇక్కడివాళ్ల తాతలు రాళ్లు లేపిన గిరకలు, ఒక మోట, చెడిపోయిన లారీ గేర్లు, పటేలు గారి బావి మీది ఆయిల్ ఇంజను, ఇలా ఇంటింటా అడిగి చేర్చాం. ఇంజనును సగం విప్పి పెట్టాం. చక్రం తిప్పితే లోపల పిస్టను పైకీ కిందికీ ఆడటం కనిపిస్తుంది.

ఏదైనా ముట్టుకోవచ్చు, తిప్పవచ్చు, విప్పవచ్చు అని చెప్పాం. మొదటి రోజు పిల్లలు చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డారు. "నిజంగ ముట్టుకోవచ్చా టీచర్?" అని రూతు అనే పిల్ల మళ్లీ మళ్లీ అడిగింది. ఏస్తేరమ్మ చెబితే గానీ నాకు తెలియలేదు, ఆ ఇంజను ఉన్న బావి నీళ్లు రూతు తాత ముట్టుకోవడానికి వీల్లేదట.

ఈ ఏడు తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడ్డాయి. బడి లేదు గనుక పిల్లలంతా ఇంజన్ల ఇంటికే వచ్చేవారు. ఆ పేరు వాళ్లు పెట్టిందే. రూతు సైకిల్ చైనుకు డబ్బాలు కట్టి నీళ్లు తోడే యంత్రం మొదలుపెట్టింది.

ఒకనాడు మనోహర్ పట్నం నుంచి తలకు గుడ్డ కట్టుకొని వచ్చాడు. ఊరేగింపులో లాఠీ తగిలిందట. తల్లి ఏడుస్తూ గాయం కడుగుతుంటే నేను నీళ్ల చెంబు పట్టుకొని నిలబడ్డాను. అతను నా వైపు చూసి, "అక్కా, నువ్వు మంచిదానివే. గని నువ్వు గూసున్న కుర్చీ నాది" అన్నాడు.

కోపంగా అనలేదు. చెంబు కింద పెట్టి లోపలికి వచ్చేశాను. నేనేమైనా దొంగతనం చేశానా? దరఖాస్తు పెట్టాను, పిలిచారు, వచ్చాను. కానీ అతను ఈ ఊళ్లోనే పుట్టి, నేను చదివిన చదువే చదివి, అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అదీ నిజమే. రెండు వైపులా నేనే వాదించుకొని, రెండు వైపులా నేనే ఓడిపోయాను.

తర్వాతి సోమవారం కుర్రాళ్లు జై తెలంగాణ అంటూ ఇంజన్ల ఇంటికి వచ్చారు. మనోహర్ కూడా వాళ్లలో ఉన్నాడు.

"బడి బందంటే ఇది గూడ బందే. అందరు బయటికి రాన్రి" అన్నాడు ముందున్నవాడు.

"ఇది బడి గాదన్నా, ఈడ కొట్టరు!" అని రూతు లోపలి నుంచి అరిచింది.

అందరూ నవ్వారు. భయంలోనే నాకూ నవ్వు వచ్చింది.

"బడి గాకుంటె మరి టీచరమ్మకు ఈడేం పని?" అన్నాడు ఆ ముందున్నవాడే, నన్ను చూస్తూ. ఒక్కసారి లోపలికి వచ్చి చూడమన్నాను.

వచ్చారు. ఒకడు ఇంజను చక్రం తిప్పాడు. ఇంకొకడు పిస్టను దగ్గర వేలు పెట్టబోతే రూతు గదమాయించింది. గిరక దగ్గర ఒక కుర్రాడు "మా తాత గిట్లనే చెప్తుండె" అని తాడు పట్టుకొని చాలాసేపు వదలలేదు. బాగుందన్నారు. నాకు ప్రాణం లేచివచ్చింది. అప్పుడు అందరూ బయటికి నడిచి, పిల్లల్ని కూడా ఇవతలికి పిలిచి, తలుపుకు తాళం వేశారు. తాళంచెవి మనోహర్ చేతిలో పెట్టారు.

"ఏమనుకోకు టీచరమ్మా" అన్నాడు తాత మాట చెప్పిన కుర్రాడు. మెచ్చుకొని మూసేసినవాళ్లను ఏమనుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంట్లో కూర్చున్నాను. మనోహరూ నేనూ ఎదురుపడినా మాట లేదు. ఏస్తేరమ్మ మాత్రం ఇద్దరికీ పక్కపక్కనే పళ్లేలు పెట్టి, "మీ లొల్లి బయట వెట్టుకోన్రి. రొట్టె సల్లారుతది" అనేది.

ఒక పొద్దున రూతు తన చైనూ డబ్బాలూ మోసుకొని ఇంటికే వచ్చింది. తాళం వేసే వేళకే వాటిని చంకన పెట్టుకొని బయటపడిందట. "టీచర్, డబ్బాలు పైకొస్తున్నయ్ గని నీళ్లు నడ్మల్నే ఒలుకుతున్నయ్" అంది. ఏస్తేరమ్మ నీళ్ల తొట్టి పక్కన ఇద్దరం కూర్చున్నాం. డబ్బాలు కట్టిన వంపు మార్చాను. చైను జారింది. మళ్లీ ఎక్కించాను, మళ్లీ జారింది. వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి చైను పట్టుకుంది. మనోహర్! రూతు తిప్పింది. నీళ్లు సగం బకెట్లో, సగం మా కాళ్ల మీద పడ్డాయి. ఆ పిల్ల పెట్టిన కేకకు వీధివీధంతా వచ్చింది.

జనం వెళ్లాక అడిగాడు. "అక్కా, నా కుర్చీ నాకొస్తె నువ్వు యాడికి పోతవ్?"

"తెనాలికి."

"పోకు."

"కుర్చీ నాదంటావు, పోవద్దంటావు. ఏది నిజం మనోహర్?"

"రెండు నిజమే అక్కా. నాక్గూడ సమజైతలేదు."

ఆ మాటకు ఇన్నాళ్లలో మొదటిసారి నాకు కాస్త ఊరట కలిగింది. అర్థం కానిది నాకొక్కదానికే కాదన్నమాట.

కుర్రాళ్లకు చెప్పి నిన్న అతనే తాళం తీశాడు. లోపల పిల్లలకు చెప్పేది ఇప్పుడు అతనే. నేనూ పిల్లలతో పాటు వరసలో వెళ్లాను. ఎవరూ రమ్మనలేదు, పొమ్మననూ లేదు. లారీ గేర్ల దగ్గర అతను ఒక మాట తప్పు చెప్పాడు. దిద్దాలా వద్దా అని నేను తేల్చుకునేలోపు పిల్లలు ఇంకోదాని దగ్గరికి పరుగెత్తారు.

బావగారు నన్ను తీసుకువెళ్లడానికి బయలుదేరుతున్నారని రాశావు. ఇప్పుడు వద్దు, దారులు బాగుపడ్డాక రమ్మను. వచ్చేటప్పుడు అటక మీద పడి ఉన్న గోడగడియారం తెమ్మను. బాగుచేయించవద్దు. ఇక్కడి పిల్లలు దాన్ని విప్పాలి.

నాన్నగారికీ మీ అత్తయ్యగారికీ నా నమస్కారాలు చెప్పు. వేళకు తింటున్నాను, నిద్రపోతున్నాను, బెంగపడకండి. ప్రతి ఉత్తరంలోనూ "త్వరగా ఇంటికి చేరు" అని దీవిస్తావు కదా. ఈసారి "చల్లగా ఉండు" అని మాత్రం దీవించు అక్కయ్యా. ఎక్కడ అన్నది నేను తేల్చుకుంటాను.

నీ చెల్లెలు
సరోజ