దేవుడి పేర విడిచిన చేప

బందరు, బుధవారం.

బాపుకు రామ్‌చందర్ దండాలు. ఒంట్లో బాగానే ఉంది, తలే పనిచేయడం లేదు.

పట్నంలో మనం పాలు పోసే హుస్సేనీ ఆలం దేవిడీ బంగళా నవాబు సాహెబు, చాయ్ పాలు చూసుకోవడానికని తెచ్చి, నన్ను పడవలో కూడా కూర్చోబెడుతున్నారు. ఇక్కడ వెండి పొలుసుల చేప ఒకటుంది, గాలానికి పడితే మనిషెత్తు ఎగురుతుంది. నిన్న సాహెబు గంటసేపు పెనుగులాడి ఒకదాన్ని పట్టి, కొలిచి, మళ్ళీ సముద్రంలోనే వదిలేశారు. మనం దేవుడి పేర ఆబోతును విడిచినట్లే అనుకున్నాను. ఇవాళ పెదవి చిరిగిన ఆ చేపే మళ్ళీ పడింది. విడిచినదాన్ని ముట్టకూడదు కదా అని దండం పెట్టి, కత్తితో దారం కోసేశాను.

"కొల్వకముందే ఎందుకు ఇడిసినవ్?" అన్నారు సాహెబు, ముఖం ఎర్రజేసి.

"నిన్న మీరే ఇడిసిండ్రు గద హుజూర్," అన్నాను.

"అది ఆట. పట్నం పోయినాంక నీ పాల సంగతి చూస్త."

నిన్న పుణ్యమైంది ఇవాళ తప్పెట్లయిందో నాకు తెలియడం లేదు.

నల్ల బర్రె ఈనిందా? జున్నుపాలు ముందు దూడను తాగనివ్వండి. నీ కోడలు ఆండాలు దగ్గు తగ్గకుంటే శాలిబండ హకీముకు చూపించు. పిల్లలకు దీవెనలు.

రేపు మళ్ళీ అక్కడికే పోతున్నాం. ఆ చేప పడితే దేవిడీలో మన పాలు నిలుస్తాయి. కానీ అది దేవుడిదాయె. నేను ఏమని మొక్కుకోవాలి బాపు? నీ జవాబు వచ్చేసరికి ఆ సంగతి తేలిపోతుంది. అయినా రాయి.