ముందుగది మంచం

వరంగల్ కాశిబుగ్గలో సొంత ఇంట్లో ఉంటున్న, కీర్తిశేషులు ఏలియా గారి భార్య, రిటైర్డు నర్సు మార్తమ్మ అను నేను, డెబ్బై మూడేళ్ల వయసులో, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయిస్తున్న వీలునామా. శుక్లాలు నా కళ్లకు వచ్చాయి, బుద్ధికి రాలేదు. ఈ సంగతి నా కొడుకు ప్రభుదాసు ముఖ్యంగా గుర్తుంచుకోవాలి.

1. ప్రభుదాసు నాకు తెలియకుండా ఖమ్మం రోడ్డులోని ఒక వృద్ధాశ్రమానికి జవాబీ కార్డు రాశాడు. తను పనిచేసే మిల్లు అడ్రసు ఇస్తే తోటివాళ్లు చదువుతారని సిగ్గుపడి ఇంటి అడ్రసు ఇచ్చాడు. తల్లికి చూపు లేదని ధైర్యం. నా ఉత్తరాలు పోస్ట్‌మ్యాన్ యాదగిరి అరుగు మీద కూర్చుని చదివిపెడతాడన్నది మరిచాడు. ఆ కార్డు ఆశ్రమం జవాబుతో తిరిగొచ్చిన రోజు "అమ్మా, గిది నేను సదవ" అన్నాడు యాదగిరి. ఒట్టు పెట్టి చదివించాను. నెలకు నూట అరవై. మంచాన పడితే ఇంకో యాభై. వేడినీళ్లు పొద్దున మాత్రమే. కాలం చేస్తే అంత్యక్రియలు మేమే జరిపిస్తాం, మీరు రానక్కరలేదు. అడగనిదే ఆ చివరి జవాబు ఎవరూ రాయరు.

నిలదీస్తే "ఊకె రేటు తెలుసుకున్ననే అమ్మా, పంపుతనన్ననా?" అన్నాడు ప్రభుదాసు. రేటు అడగడానికి నేనేం వంకాయనా?

2. వేడినీళ్ల ప్రశ్న రాయించింది కోడలు ప్రమీల. ఏడుస్తూ తనే చెప్పింది. అందుకు నా రెండు బంగారు గాజులు ఆమెకు. మిగతా ప్రశ్నలు రాస్తుంటే నోరు మూసుకుంది కనుక పట్టుచీరలు ఇవ్వను. అవి పక్కింటి ఫాతిమా బేగంకు.

3. ఫాతిమాను తోడు తీసుకుని బస్సెక్కి ఆ ఆశ్రమానికి వెళ్లాను. చూపు లేకున్నా నర్సు చేతికి పరుపు తడి తెలుస్తుంది. మొగిలమ్మ అనే ముసలామె నా మణికట్టు పట్టుకుని "నన్ను తీస్కపోను అచ్చినవా అక్కా?" అంది. మళ్లీ వస్తానని మాటిచ్చాను. ఆమెను ఇంటికి తెస్తానంటే ప్రభుదాసు "ఇది ఇల్లా, దవాఖానా?" అని గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. ఇల్లు నాదే అయినా నాకు పెట్టే అన్నం వాడిది. నోరు మూసుకున్నాను. ఆ సిగ్గు నాకింకా ఉంది.

4. ఇల్లు ప్రభుదాసుకే, ఒక షరతు మీద. నేను పోయిన నెలలోపు మొగిలమ్మను తెచ్చి, ముందుగదిలో నా మంచం మీద పడుకోబెట్టి, బతికినంతకాలం చూసుకోవాలి. అప్పటికి ఆమె లేకపోతే, అక్కడ చూడ్డానికి ఎవరూ రాని మరో ముసలమ్మను తేవాలి. వేడినీళ్లు రెండు పూటలా ఇవ్వాలి. చర్చి పెద్ద కృపానందం, ఈ వీలునామాను అమలు చేసే మనిషిగా, చెప్పకుండా వచ్చి పరుపు తడిమి చూస్తాడు. తప్పితే ఇల్లు ఫాతిమా బేగంకు.

5. సాక్షి సంతకం చేసేవాడికి ఏమీ రాయకూడదట. అందుకే యాదగిరికి నా గొడుగు నిన్ననే ఇచ్చేశాను. వానలో తడుస్తూ తిరుగుతాడు పాపం.

6. నన్ను ఏలియా పక్కన పెట్టండి. ప్రభుదాసు రానక్కరలేదు, అది వాడు అడిగి తెలుసుకున్నదే. కానీ ఆ ముసలమ్మ కాలం చేసిననాడు వాడే ముందు నిలబడి పాడె మోయాలి. మోసి వచ్చాకే ఇల్లు వాడి పేరు మీదికి మార్చండి. దారిలో వాడికి ఏడుపొస్తే, అందులో కొంత నాకని అనుకుంటాను.

కృపానందం రాయగా, యాదగిరి చదివి వినిపించగా, నా చేత్తో పెట్టిన సంతకం:
మార్తమ్మ
1983 ఆగస్టు 9, వరంగల్

సాక్షులు:
యాదగిరి, పోస్ట్‌మ్యాన్
గోపాల్, కిరాణా దుకాణం